అడుగు గిన్నెలో రివాల్వరు

రివాల్వరు బరువు ఏడు వందల పది గ్రాములు. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌తో, అందులోని సర్వపిండితో, పచ్చిపులుసుతో కలిపితే రెండు కిలోల నాలుగు వందలు. రెండో అంకెకు నాది పూచీ, ఎందుకంటే జగిత్యాలలో ఒక కూరగాయల బండి మీద దగ్గరుండి తూకం వేయించాను. మొదటి అంకె మా తోడల్లుడు రాజేశం చెప్పింది. నిజం కావచ్చు.

మాది చీరాల. ఏడో తరగతితో బడి మానేసి, ఎక్కాల పుస్తకం ముందు పెట్టుకుని నాకు నేనే లెక్కలు నేర్చుకున్నాను. ఏ చీరకు పడుగు ఎన్ని పోగులు పట్టాలో నేతగాళ్లకు చెప్పడం నా పని. అటు వెళ్లొచ్చినవాళ్లు కొండగట్టు గురించీ వేములవాడ గురించీ చెబుతారు. నేను ఆ రెండు గుళ్లూ చూడలేదు. మూడు ఊళ్లు, ఒక బావి చూసి వచ్చాను.

జగిత్యాల: ఫైలు ఉన్న ఊరు

"సిరిసిల్లకు సీదా రాకు అన్నా. జగిత్యాలల దిగు. నాకు ఆఫీసుల జర పనున్నది. కాయితం సదివెటోడు పక్కకుంటె ధైర్యం" అని రాజేశం ఫోన్లో చెప్పాడు. మా భార్యలు అక్కాచెల్లెళ్లు. నా భార్య పెద్దది కాబట్టి నేను అన్నను. అతనికి సిరిసిల్లలో ఎనిమిది సాంచాలు ఉన్నాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు.

బస్టాండు ముందు మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద నారింజ రంగు జాకెట్టు, ఒళ్లో క్యారియరు.

"అన్నం కూడా తెచ్చావా? ఇక్కడ హోటళ్లు లేవా?" అన్నాను.

"మీద గిన్నెలల్ల తిండి. అడుగు గిన్నెల సామాను."

"ఏం సామాను?"

"బాపు రివాల్వరు."

నేను పక్కనున్న దుకాణం అరుగు మీద కూర్చున్నాను. తూటాలు ఎక్కడున్నాయని అడిగాను. అవీ అదే గిన్నెలో ఉన్నాయట. అప్పటికప్పుడు మూత తీయించకుండా, దుకాణం వెనక్కి తీసుకెళ్లి, తూటాలు ఆరూ గుడ్డలో మూట కట్టించి పై గిన్నెలోకి మార్పించాను. అడుగున తుపాకీ, పైన తూటాలు, మధ్య రెండు గిన్నెల్లో సర్వపిండి, పచ్చిపులుసు. ఇంతకన్నా సురక్షితమైన ఏర్పాటు నాకు తోచలేదు.

ఆ రివాల్వరు కథ చెప్పాలి. రాజేశం తండ్రి కోరుట్లలో బట్టల వ్యాపారి. కాలం బాగాలేని రోజుల్లో బెదిరింపులు వస్తే లైసెన్సు తీసుకున్నాడు. ఆయన పోయాక అది కొడుకు పేరు మీదకు మారింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ పేలలేదు. కానీ సిరిసిల్లలో అతను ఉండే వీధిలో రాజేశాలు నలుగురున్నారు. ఒకరు పొడుగు రాజేశం, ఒకరు పాల రాజేశం, ఒకరు మెట్‌పల్లి రాజేశం. మావాడు తుపాకి రాజేశం. లైసెన్సు పోయిందంటే ఆ పేరు పోతుంది. మిగిలేది ఎనిమిదిలో అయిదు మాత్రమే నడిచే సాంచాల రాజేశం.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో జమ చేయాలి. తారీఖులు అడిగి నేనే లెక్క కట్టాను. కిందటి ఎన్నికలన్నీ కలిపి అతని రివాల్వరు నూట తొంభై రోజులు స్టేషన్లోనే ఉంది. ఇప్పుడు మళ్లీ పంచాయతీ ఎన్నికలు. ఈసారి జమ చేయనని, మినహాయింపు తెచ్చుకుంటానని పట్టుబట్టాడు. కారణం ఆ నారింజ జాకెట్టు. రెండేళ్ల కిందట పన్నెండు రోజుల శిక్షణ పొంది విపత్తు వాలంటీరు అయ్యాడు. వరదలో, మంటల్లో, బావుల్లో చిక్కుకున్నవాళ్లను బయటికి తీయడం నేర్పారు. గుర్తింపు కార్డు ఉంది. బండి డబ్బాలో నలభై గజాల తాడు ఎప్పుడూ ఉంటుంది.

ఆధారంగా ఒక కాగితం కూడా తెచ్చాడు. ఫోన్లో వచ్చిన మెసేజీ, రెండు రూపాయలిచ్చి ప్రింటు తీయించాడు. అత్యవసర సేవల స్వచ్ఛంద కార్యకర్తలు మామూలు మనుషులకు నిషేధం ఉన్న చోట్లకు కూడా చేతి తుపాకీ తీసుకుపోవచ్చునని అందులో ఉంది. ఇడ్లీ తింటూ చదివాను. మా దగ్గర ఇడ్లీకి అల్లం పచ్చడి వేస్తారు, అక్కడ పల్లీ చట్నీ ధారాళంగా పోస్తారు. మూడో పేరాకు వచ్చేసరికి చట్నీ మీద ధ్యాస పోయింది. "కౌంటీ" అని ఉంది. "షెరీఫ్" అని ఉంది.

"రాజేశం, ఇది అమెరికాలో ఏదో రాష్ట్రం చట్టం. ఫోను తెలుగు చేసింది."

"చట్టం చట్టమే గదనే. ఎమర్జెన్సీ ఏడనైన ఎమర్జెన్సే."

ఆఫీసులో గుమస్తా పెద్దమనిషి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి కాగితం మొత్తం చదివాడు.

"గీ షెరీఫ్ ఎవలు? మా దగ్గర షరీఫ్ సాబ్ ఉండె. పోయినేడు రిటైరైండు."

"ఆయన కాదండీ" అన్నాను.

"కాకుంటె మంచిదే. పాపం, పింఛను తోని పానం కాపాడుకుంటున్నడు." కాగితం మడిచి రాజేశానికి ఇచ్చాడు. "సూడు తమ్మీ. బ్యాంకు గార్డులకు ఇస్తరు. పోటీలల్ల కాల్చెటోళ్లకు ఇస్తరు. వాలంటీర్ల ముచ్చట ఏడ లేదు. నువ్వు బావిల దిగుతవు, మంచి పనే. బావిల దిగి ఎవన్ని కాలుస్తవు?"

రాజేశం కాగితాన్ని మరో మడత పెట్టి జేబులో దోపుకున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా నచ్చింది.

రెన్యువలు దరఖాస్తు తీసుకుని, రివాల్వరు నంబరు సరిచూడటానికి అడుగు గిన్నె తెరిపించాడు. నంబరు సరిపోయింది. సర్వపిండి ముక్క ఒకటి రుచి చూసి నువ్వులు తక్కువయ్యాయన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. జమ చేయడానికి రేపు సాయంత్రం అయిదు గంటలే ఆఖరు. దాటితే లైసెన్సు రద్దుకు పంపుతారు, పైగా కేసు.

"ఏడ జమ చెయ్యాలె సార్?"

"లైసెన్సు పుస్తకంల కోరుట్ల స్టేషనున్నది. గాడికే పో."

పాత జిల్లాను ముక్కలు చేసినప్పుడు ఫైలు జగిత్యాలకు వచ్చింది, స్టేషను కోరుట్లలో ఉండిపోయింది, మనిషి సిరిసిల్లకు మారాడు. నాకు నవ్వు రాలేదు. మా చీరాల కూడా ఉన్నచోటే కూర్చుని మూడు జిల్లాలు మారింది.

బయట కోర్టు పక్క దుకాణంలో ఆయుధాల చట్టం తెలుగు పుస్తకం కనబడితే తొంభై రూపాయలకు కొన్నాను. క్యారియరు నా చేతిలో ఉన్నంతసేపూ దాని సంగతి నాకు తెలిసి ఉండాలి కదా.

కోరుట్ల: స్టేషను ఉన్న ఊరు

జగిత్యాల నుంచి కోరుట్ల దాకా రోడ్డుకు రెండు పక్కలా పసుపు, మక్క అని వాళ్లు పిలిచే మొక్కజొన్న. ఊళ్లోకి వచ్చాక గడపల మీద ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. టీ బండి దగ్గర నేను పది రూపాయల టీ ఒకటి తాగేలోపు ఎదురుగా ఉన్నావిడ పదకొండు బీడీలు చుట్టింది.

"ఏం సూస్తున్నవ్ సారూ?"

"లెక్కపెడుతున్నానమ్మా. పదకొండు."

"నువ్వు కన్నువెట్టకుంటె పదమూడైతుండె."

స్టేషన్లో అధికారులందరూ నామినేషన్ల డ్యూటీకి వెళ్లారు, మర్నాడు రమ్మన్నారు. రాజేశం మేనత్త ఇంట్లో దిగాం. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి పెరట్లో కేక. ఆవిడ క్యారియరు కడగడానికి పట్టుకెళ్లింది.

"ఓ రాజేశం! గిదేం కూరరా? గరిటె దిగుత లేదు!"

అదృష్టం, అడుగు గిన్నెలో ఇంకా నీళ్లు పోయలేదు. పై గిన్నెలోని మూట గుడ్డ మాత్రం ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. తూటాలు గోడ మీద వరసగా ఉన్నాయి. లెక్కపెట్టాను, ఆరు. ఆవిడ ఏమీ అడగలేదు. మధ్య గిన్నెలు రెండింట్లో ఉల్లిపాయలు వేసి ఉడికించిన బొబ్బర్లు, వాళ్ల మాటలో గుడాలు, నింపి, "తొవ్వల తినుండ్రి. గా ఇనుప కూర మీరే తినుండ్రి" అంది.

స్టేషన్ బెంచీ మీద మధ్యాహ్నం రెండు గంటల దాకా కూర్చున్నాం. ఆ సమయంలో పుస్తకం మొదటి నుంచి చదివాను. ఒక చోట చిన్న అక్షరాల్లో నాకు పనికొచ్చే ముక్క దొరికింది. లైసెన్సు లేని మనిషి కూడా ఆయుధాన్ని పట్టుకోవచ్చు. లైసెన్సుదారు సమక్షంలో గానీ, అతని రాతపూర్వక అనుమతితో గానీ. అదీ రిపేరు కోసమో, రెన్యువలు కోసమో, అతని వాడకం కోసమో అయితేనే. బండి మీద అతని వెనక కూర్చుని ఒళ్లో క్యారియరు పెట్టుకోవడం సమక్షమే. రెన్యువలు పనికే వచ్చాం. నా మనసు తేలికపడింది.

హెడ్ కానిస్టేబులు వచ్చి లైసెన్సు తిరగేశాడు. ఏడో పేజీ దగ్గర ఆగాడు.

"అన్నా, రెండేండ్ల కిందనె అడ్రసు సిరిసిల్లకు మార్చుకున్నవు గద. ముద్ర గూడ ఉన్నది. గాడనే జమ చెయ్యాలె."

"నిన్న జగిత్యాలల గిట్ల చెప్పలే."

"ఆయన ఒకటో పేజీ సూసిండు కావచ్చు. గిప్పుడు మాట్లాడకు, పో. అయిదు దాకనే టైము."

అప్పటికి రెండూ పది. బండి మీటరు ప్రకారం అరవై మూడు కిలోమీటర్లు ఉండొచ్చన్నాడు రాజేశం. సరిపోతుంది, గంటకు పైగా మిగులుతుంది అని చెప్పాను. లెక్క తప్పు కాదు. దారిలో బావి ఉంటుందని లెక్కలో వేసుకోలేదు.

వేములవాడ తోవలో: బావి

పెట్రోలు బంకు వరసలో దాదాపు అరగంట పోయింది. మూడూ ఇరవై అయిదుకు, ఇంకా ముప్పై ఒక్క కిలోమీటర్లు ఉండగా, పొలంలోంచి ఒకామె రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చి బండికి అడ్డం నిలబడింది. నారింజ జాకెట్టు చూసి కరెంటు వాళ్లనుకుందట.

"అన్నా, మా ఆయన బాయిల వడ్డడు! మోటరు సూడ దిగిండు, మెట్టు ఇరిగింది!"

రాజేశం బండి దిగాడు. నేను గడియారం చూశాను. ముప్పై ఒక్క కిలోమీటర్లకు నలభై ఏడు నిమిషాలు. అంటే నాలుగూ పదమూడు దాకా ఆగగలం. ఆ మాటే చెప్పాను.

"నలభై ఎనిమిది నిమిషాలుంది రాజేశం. దాటితే లైసెన్సు పోతుంది."

అతను అప్పటికే డబ్బాలోంచి తాడు తీస్తున్నాడు. "నువ్వు లెక్క సూసుకో అన్నా. నేను బాయి సూసుకుంట."

బావి గట్టు నుంచి నీళ్ల దాకా పది గజాలు. కిందన మల్లయ్య అనే యాభై ఏళ్ల మనిషి మోటారు పైపును కావలించుకుని ఛాతీ లోతు నీళ్లలో ఉన్నాడు. కాలు విరిగింది. చలికి పళ్లు కొట్టుకుంటున్నా భార్యను తిడుతూనే ఉన్నాడు. అంటే స్పృహ ఉంది. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. చుట్టుపక్కల పొలాల నుంచి జనం చేరారు.

తాడును వేపచెట్టుకు కట్టి, నడుముకు బిగించుకున్నాక రాజేశం నా వైపు చూశాడు. నేను క్యారియరు వైపు చూశాను. ఇద్దరికీ ఒకటే సందేహం వచ్చింది. ఇంతమంది మధ్య దాన్ని పేరుపెట్టి అడగలేం.

"అన్నా, అన్నం నీ దగ్గర్నే పెట్టుకో."

"నువ్వు కిందికి పోతే సమక్షం ఎలా అవుతుంది?"

"రాసిస్త తియ్యి."

జేబులో ఉన్నది ఒకటే కాగితం, అమెరికా చట్టం. దాని వెనక, బావి గట్టు మీద పెట్టి, "నా సామాను మా అన్న పట్టుకొనుటకు ఒప్పుకుంటున్న" అని రాసి సంతకం పెట్టాడు. తారీఖు వేయించాను. టైము కూడా వేయించాను. మల్లయ్య భార్య మమ్మల్ని చూసి, "గా అన్నం కాయితం తర్వాత రాసుకోరాదుండ్రి!" అని అరిచింది. న్యాయమే.

అతను దిగిపోయాడు. నాకు మాత్రం ఆ రాత మీద పూర్తి నమ్మకం కుదరలేదు. ఏ సామానో అందులో లేదు. రాతకు తోడు సమక్షం కూడా ఉంటే మంచిది. కంటికి కనబడకపోయినా మాటకు అందే దూరం సమక్షమే అవుతుందని నాకు తోచింది. అందుకని నిమిషానికి ఒకసారి పిలవాలని నిర్ణయించుకున్నాను. మూడూ ముప్పై ఒకటికి మొదలుపెట్టాను.

"రాజేశం! ఉన్నావా?"

"ఉన్ననే!"

చట్టం పుస్తకం చివరి అట్ట మీద ఒక టిక్కు పెట్టాను. మళ్లీ నిమిషానికి పిలిచాను. మళ్లీ టిక్కు. నాలుగోసారి కింది నుంచి రెండు గొంతులు వచ్చాయి.

"ఉన్న!"

"నేను గూడ ఉన్న సారూ!" అన్నాడు మల్లయ్య.

అతన్ని లెక్కలో వేయలేదు, అతనికి లైసెన్సు లేదు.

మంచం దించాలన్నాడు రాజేశం. నాలుగు కోళ్లకు నాలుగు తాళ్లు కట్టి నులక మంచం దించారు. పద్నాలుగు మంది పట్టుకున్నారు. నాలుగూ ఏడుకు మంచం ఒక పక్కకు ఒరిగింది. పైపు మీద చెయ్యి జారి మల్లయ్య నీళ్లలో మునిగాడు. అతని వెనకే రాజేశం మునిగాడు.

"రాజేశం! ఉన్నావా?"

జవాబు రాలేదు.

ఆ తర్వాత ఏం చేశానో నాకు తర్వాత చెప్పారు. గట్టు మీద బోర్లా పడుకుని, సగం బావిలోకి వేలాడుతూ, అతని పేరు గొంతు చించుకుని పిలిచానట. కాళ్లు ఎవరో పట్టుకున్నారు. ఎంతసేపన్నది మాత్రం నాకు తెలుసు. ఒక నిమిషం కన్నా కొంచెం తక్కువ. నీళ్లు చీల్చుకుని రెండు తలలు పైకి వచ్చాయి.

"ఉన్న అన్నా... ఉన్న..."

లేచి చూస్తే నా చేతిలో క్యారియరు లేదు. మల్లయ్య భార్య దాన్ని గుండెకు హత్తుకుని ఏడుస్తోంది. పడిపోతుంటే ఆమే అందుకుందట. తీసుకున్నాను. పుస్తకం అట్ట మీద నాలుగూ ఏడు దగ్గర సున్నా చుట్టాను.

నాలుగూ ముప్పై మూడుకు మంచం పైకి వచ్చింది, వెనకే రాజేశం. మొత్తం పిలుపులు అరవై రెండు. టిక్కులు అరవై ఒకటి, సున్నా ఒకటి. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే మల్లయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, నువ్వు నిమిషానికోపారి గట్ల పిలుస్తుంటె నాకు సచ్చుడు గూడ కుదర్లే."

ఎందుకు పిలిచానో అతనికి చెప్పలేదు. గుడాలు అక్కడే అందరికీ పంచి, నాలుగూ నలభై అయిదుకు బయలుదేరాం.

సిరిసిల్ల: మనిషి ఉన్న ఊరు

సిరిసిల్ల కనబడక ముందే వినబడుతుంది. మా గుంటమగ్గం చప్పుడు నడిచే మనిషిలా ఉంటుంది, సాంచా చప్పుడు పరుగెత్తే మనిషిలా. స్టేషను గడియారం అయిదూ ముప్పై రెండు చూపిస్తోంది. రాజేశం జాకెట్టు నుంచి నీళ్లు కారుతూ గుమ్మం నుంచి బల్ల దాకా ఒక గీత పడింది.

ఎస్సై మేడమ్ మా కథ మొత్తం విన్నది. "బాయిల మనిషి వడ్డడని మాకు గూడ ఫోనొచ్చింది. నువ్వేనా తీసింది?" అని రాజేశాన్ని అడిగింది. అతను తల ఊపాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఈయన బాయిల ఉన్నప్పుడు వెపన్ ఎవరి దగ్గరుండె సార్?"

"నా దగ్గరే మేడమ్. లైసెన్సుదారు సమక్షంలో." చట్టం పుస్తకం, అమెరికా కాగితం రెండూ బల్ల మీద పెట్టాను. అవి ఎందుకో, టిక్కులు ఎందుకో వివరించాను. ఆమె అట్ట మీది టిక్కులను పెన్ను మొనతో లెక్కపెట్టింది. మధ్యలో ఆగింది.

"ఈ సున్న ఏంది?"

ఆ సున్నాను టిక్కు చేయడం నిమిషం పని. దారిలో, బండి మీద, ఆ ఆలోచన రాలేదని అనను. రాజేశం నా మొహం వైపే చూస్తున్నాడు. నిజం చెబితే లైసెన్సు పోతుంది, వీధిలో పేరు పోతుంది. కానీ నా బతుకంతా లెక్క. తప్పు పోగు ఒకటి ఉంటే పడుగు మొత్తం విప్పించిన మనిషిని.

"అప్పుడు జవాబు రాలేదు మేడమ్. మనిషి పోయాడనుకున్నాను. క్యారియరు వదిలేశాను. ఒక నిమిషం అది ఆ బావిలో పడ్డాయన భార్య చేతిలో ఉంది. ఆమె దాన్ని అన్నం అనుకుంది."

ఆమె రిజిస్టరు దగ్గరికి లాక్కుని పేజీ తెరిచింది. బయట సాంచాల చప్పుడు వినబడింది.

"నాకింకో ముప్పై రెండు నిమిషాల తప్పు కనబడుతున్నది" అంది ఆమె. "జమ అయిన టైము అయిదు ముప్పై రెండే రాస్త. ఎందుకు ఆలస్యమైందో గూడ రాస్త. సున్న గూడ రాస్త. నిర్ణయం పైనోళ్లది. రద్దు చేస్తె నేనేం జెయ్యలేను."

"రాయుండ్రి మేడమ్" అన్నాడు రాజేశం. క్యారియరు ఆమె వైపు జరిపాడు.

అడుగు గిన్నె తెరిచారు. రివాల్వరు పొడిగానే ఉంది, కొంచెం ఉల్లిపాయ వాసన వేస్తోంది. తూటాలు ఆరు. రసీదు ఇచ్చారు. రాజేశం రాసిన అనుమతి కాగితానికి ముద్ర వేసి, చిల్లు పొడిచి, ఫైల్లో కుట్టారు. అలా అమెరికా చట్టం సిరిసిల్లలో పోలీసు ఫైలెక్కింది, వెనక వైపు.

ఇంటి దగ్గర మా మరదలు సునీత తలుపు తీసి, మొగుణ్ని పైనుంచి కిందిదాకా చూసి, "తుపాకి ఇయ్యటానికి పోయినవా, ఈతకు పోయినవా?" అంది. ఆ మర్నాడంతా అక్కడే ఉన్నాను. అతని సాంచా ఒకటి నిమిషానికి నూట ఇరవై పోగులు కొడుతోంది, కొలిచాను. మక్క గారెలు పెట్టారు, ఏడు తిన్నాను. రాజేశం మాత్రం రెండు తిని, రసీదు తీసి చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

చీరాల వచ్చిన ఇరవై రోజులకు సునీత ఫోన్ చేసింది. లైసెన్సు రద్దు కాలేదు. ఆలస్యానికి హెచ్చరిక ఒకటి వచ్చింది, రెన్యువలు అయింది. ఎన్నికలైపోయి తుపాకులు వాపసు ఇస్తున్నారు కానీ, రాజేశం తెచ్చుకోవడం లేదట. ఫోను అతనికి ఇమ్మన్నాను. అవతల సాంచాలు కొడుతున్నాయి, అతని గొంతు వినబడలేదు. నేనే పిలిచాను.

"రాజేశం! ఉన్నావా?"

"ఉన్ననే. ఏం తొందర అన్నా? ఇంక మున్సిపల్ ఎలక్షన్లున్నయి. తెచ్చుడు, మళ్ల ఇచ్చుడు ఎందుకని ఆగిన."

"మరి వీధిలో ఏమంటున్నారు నిన్ను?"

"మల్లయ్య కట్టెపట్టుకుని అచ్చిండు నిన్న, నన్ను సూస్తానికి. తుపాకి రాజేశం ఇల్లేదని అడగలేదట. 'ఉన్ననే అని అంటడు సూడు, గాయన ఇల్లేది' అని అడిగిండట. బాయి ముచ్చట అందరికెరికే గద, పొడుగు రాజేశమే తోలుకొచ్చిండు, సీదా మా ఇంటికే."